గడ్డపాయనకి పెరుగన్నం

నవంబర్ 23, ఆదివారం

మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి భవానీప్రసాద్ అనే ఆయన వచ్చాడు. లారీల వ్యాపారం. ఆయన లారీలు క్వారీల నుంచి సున్నపురాయి తోలతాయట. చేతిలో బూట్ల డబ్బా.

"జువాలజీ మేడం గారిల్లు ఇదేనా అండీ?"

ఇదేననాలో, ఇదివరకు ఇదే అనాలో తెలియలేదు. జూన్‌లో కాలేజీవాళ్ళు పిల్లలు చేరడం లేదని మా గ్రూపు ఎత్తేశారనీ, ఇప్పుడు నేను ఏ మేడమూ కాననీ గుమ్మంలో నిలబెట్టి చెప్పడం ఏం బాగుంటుంది? ఇదేనండీ అన్నాను.

డబ్బాలో తొండ. మన కంచెల మీద తిరిగే తొండ కాదు, ఆస్ట్రేలియాది. బియర్డెడ్ డ్రాగన్. గడ్డం కింద ముళ్ళ తోలు సంచీలా ఉంటుంది, కోపమొస్తే ఉబ్బి నల్లబడుతుంది. పుస్తకంలో చదివిందే. ఇరవై ఏళ్ళు తొండల మీద పాఠాలు చెప్పాను, అన్నీ ఫార్మలిన్ సీసాల్లో ఉన్నవాటిని చూపించే. బతికున్నదాన్ని చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

అది నడవలేదు. పొట్ట నేలకేసి ఈడుస్తోంది. ముందుకాళ్ళు వంకర. కింది దవడ వేలితో నొక్కితే రబ్బరులా లోపలికి పోయింది.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"కొన్నప్పుడు షాపువాడిచ్చిన పురుగులు వేశామండీ. తర్వాత పోయినేడు కార్తీకమాసం వచ్చింది గదా, మా ఇంట్లో నెలరోజులూ నీసు ముట్టం. మా అమ్మ దీనిక్కూడా మాన్పించింది. పెరుగన్నం, కీరా ముక్కలూ పెట్టింది. బానే అలవాటు పడింది గదా అని ఇంక అట్టాగే కానిచ్చేశాం."

ఏడాది! పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, నాకు గేదెలు తెలుసుగానీ దీని సంగతి తెలియదు, నందిగామలో జువాలజీ మేడం ఉంది పొమ్మన్నాడట.

"కొత్తిల్లు కడుతున్నా మేడం. హాల్లో గోడలోనే దీనికి గాజు పెట్టె చేయిస్తున్నా. ఇప్పుడు మూఢం వస్తంది గదా, ఫిబ్రవరిలో మూఢం వెళ్ళాక గృహప్రవేశం. అప్పటికి రెడీ చేసి పెట్టండి."

లారీని షెడ్డులో వదిలి వెళ్ళే మనిషిలా చెప్పాడు. సరేనన్నాను. ఎవరికైనా కుదరదని చెప్పి ఎన్నాళ్ళయిందో.

సాయంత్రం మా ఆయన భార్గవ డబ్బాలోకి తొంగి చూసి, "ఇది మనదా వల్లీ?" అన్నాడు.

కాదు. ఫిబ్రవరి దాకానే.

నవంబర్ 24

బతికే ఉంది.

నవంబర్ 26

హైదరాబాదులో ఇలాంటి వాటికే డాక్టరు ఉందట, జాయిస్ అని. వీడియో కాల్‌లో చూపించాను. చిన్న వయసే, మాటలో తొందర ఎక్కువ. "మీరు జువాలజీ కదా మేడం, మీకు తెలిసే ఉంటుంది" అన్నప్పుడల్లా తల ఊపాను. కాల్ అయ్యాక అవన్నీ పుస్తకంలో వెతుక్కున్నాను.

కాల్షియం లేదు, ఎండ లేదు. ఎముకలు మెత్తబడిపోయాయి. చిన్నపిల్లలకి పట్టే కాల్షియం సిరప్ సిరంజితో చుక్క చుక్కగా పట్టాలి. గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాలి. పురుగులు పెట్టాలి. ఎండ చూపించాలి.

"కిటికీ దగ్గర ఎండలోనే పెడుతున్నానండీ."

"కిటికీకి అద్దం ఉందా?"

"ఉంది."

"అద్దంలోంచి వెలుతురొస్తుంది మేడం, దానికి కావలసింది రాదు. మేడ మీదకి తీసుకెళ్ళండి."

ఈ ముక్క నేను ఏటా సెకండియర్‌లో బోర్డు మీద రాసేదే. రాసేటప్పుడు ఎండ అంటే నాకు ఒక మాట. ఇవాళ మేడ మెట్లెక్కాక తెలిసింది, అది మా వాటర్ ట్యాంకు పక్కన, బట్టల తీగ కింద ఉంటుందని.

నవంబర్ 29

నన్ను చూసి చెయ్యి ఊపింది! ముందుకాలు ఎత్తి, మెల్లగా గాల్లో సున్నా చుట్టి దించింది. వంకర కాలితోనే. భార్గవని పిలిచి చూపించాను. మళ్ళీ ఊపింది. ఇద్దరం తిరిగి చేతులు ఊపాము.

తర్వాత చదివాను. అది పలకరింపు కాదట. తనకంటే పెద్ద జంతువు ఎదురైతే "నీతో గొడవకి రాను, నన్నేమీ చెయ్యకు" అని చెప్పుకోవడమట.

భార్గవకి చెప్పలేదు. పాపం, ఆఫీసుకి వెళుతూ కూడా ఊపి వెళ్ళాడు.

డిసెంబర్ 3

హైదరాబాదు నుంచి పార్సిల్‌లో పిండిపురుగులు వచ్చాయి. తవుడులో వేసి, పైన క్యారెట్ ముక్క పెడితే అవే పెరుగుతాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ బొంబాయి రవ్వలో, గోధుమపిండిలో పురుగులు ఏరి పారబోసిన దాన్ని, ఇప్పుడు వాటికి క్యారెట్ తరిగి పెడుతున్నాను. మా అత్తగారు ఉంటే ఏమనేదో.

"రవ్వ డబ్బా ఏదో, పురుగుల డబ్బా ఏదో పేర్లు రాసి అంటించు తల్లీ," అన్నాడు భార్గవ. "నువ్వు లేనప్పుడు ఉప్మా చేసుకునేది నేను."

చిన్న పట్టకారుతో ఒక పురుగుని అందించాను. దవడ మెత్తన కదా, నమలలేకపోయింది. జారిపోయింది. ఇంకోటి. అదీ జారిపోయింది. చివరికి చిదిమి, సిరంజితో పట్టాను. బ్రాహ్మణ ఇంట్లో, పూజ గది పక్కన. దేవుడు చూసే ఉంటాడు, ఏమీ అన్నట్టు లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

భవానీప్రసాద్ వాళ్ళమ్మ పున్నమ్మ గారు ఆర్టీసీ బస్సెక్కి ఒక్కతే వచ్చింది. డెబ్బై దాటినట్టున్నాయి. మనిషి గట్టిగా ఉంది, గొంతు ఇంకా గట్టిగా ఉంది.

"ఏడీ మా గడ్డపాయన? ఎట్టా ఉన్నావురా అయ్యా? బెంగెట్టుకున్నావా?"

అది కళ్ళు మూసుకుంది. ఆవిడ దాని వీపు మీద రెండు వేళ్ళతో రాసింది, నేను రాయడానికి భయపడే చోటే. కదలకుండా రాయించుకుంది. ఏడాదిపాటు రోజూ స్నానం చేయించి, తువ్వాలుతో తుడిచి, పక్కన కూర్చోబెట్టుకుని సీరియల్ చూపించేదట. ఆ ఇంట్లో దాన్ని ముట్టుకునేది ఆవిడ ఒక్కతే. కోడలికి భయం, కొడుక్కి తీరిక లేదు. నిర్లక్ష్యం చేసిన ఇల్లు అని నేను మనసులో ఏం బొమ్మ వేసుకున్నానో, దాంట్లో ఈవిడ ఎక్కడా లేదు.

సంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. పెరుగన్నం.

"మెత్తగా పిసికి తెచ్చా. దానిమ్మ గింజలు కూడా వేశా, ఎర్రగా ఉంటే ముట్టుకుంటది. అమ్మాయ్, నాకు తెలవక అడుగుతా, తిండి ఏమన్నా తేడా చేసి ఇట్టా అయిందా?"

ఇదీ నన్నడిగిన ప్రశ్న. సూటిగా అడిగింది. నేను ఆవిడ ముఖం చూశాను.

"లేదండీ పిన్నిగారూ. చలికి."

"అదే అనుకున్నా. చలే," అంది. నిట్టూర్చింది. "మరి ఇది పెట్టనా?"

ఇప్పుడే తిన్నది, కాసేపాగి నేను పెడతానన్నాను. ఆవిడ బస్సెక్కాక ఆ డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పారేయడానికి చేతులు రాలేదు. తినేశాను. చాలా బాగుంది.

చలికి కాళ్ళు వంకరపోతాయని ఏ పుస్తకంలో ఉంది?

డిసెంబర్ 9

ఆటోలో కాలేజీ ముందు నుంచి వెళ్ళాను. ఏమీ అనిపించలేదు.

డిసెంబర్ 10

మెడికల్ షాపు మా వీధి చివరే ఉంది. నిన్న సిరప్ కోసం కాలేజీ ముందు నుంచి ఎందుకు వెళ్ళానో తెలియదు.

డిసెంబర్ 14

పొద్దున్నే ఇంటి ముందు లారీ ఆగింది. వీధంతా తలుపులు తీసింది. డ్రైవరు బాలస్వామి దిగి, స్టీలు డబ్బా చేతికిచ్చాడు.

"పెద్దమ్మ గారు పంపారండీ. గడ్డపాయనకంట. నిన్న మాపు తోడేసిన పెరుగంట. పాత డబ్బా ఇచ్చెయ్యమన్నారు."

విజయవాడ లోడు వెళ్ళినప్పుడల్లా ఇటు తిరిగి ఇచ్చి వెళ్ళమని ఆవిడ ఆర్డరు. డబ్బా తీసుకున్నాను. సాయంత్రం ఆవిడ ఫోను.

"తిన్నదా?"

తిన్నదని చెప్పాను. అబద్ధం కాదు, ఎవరు తిన్నారో చెప్పలేదంతే. ఈసారి భార్గవకి కూడా సగం పెట్టాను. "ఈ తొండకి ఇంట్లో మంచి పలుకుబడి ఉంది," అన్నాడు.

డిసెంబర్ 21

లేచి నిలబడింది!

మేడ మీద, ట్యాంకు పక్కన. పొట్ట నేల మీద నుంచి లేచింది. నాలుగు కాళ్ళ మీద, వణుకుతూ, వంకరగానే, కానీ లేచింది. మునేరు ఒడ్డున గడ్డిలో పట్టుకొచ్చిన మిడతని ముందు వదిలాను. పత్తి చేలల్లోవి వద్దంది జాయిస్, మందు కొట్టి ఉంటాయని. అందుకని ఆదివారాలు నేనూ భార్గవా దోమతెర ముక్క పట్టుకుని ఏటి ఒడ్డుకి వెళుతున్నాం. మిడత గెంతింది. ఇది తల తిప్పింది. నాలుగు అడుగులు. నాలుక బయటికొచ్చింది. కరకరమని చప్పుడు.

కరకరమని! దవడ గట్టిపడింది.

జాయిస్‌కి ఆ చప్పుడు రికార్డు చేసి పంపాను. మా పెళ్ళి వీడియో కూడా ఎవరికీ ఇంత తొందరగా పంపలేదు.

ఇది నాది కాదు. ఆ సంగతి గుర్తుంది.

జనవరి 4

భవానీప్రసాద్ ఫోను చేశాడు. గాజు పెట్టె అయిపోయిందట. ఫోటోలు పంపాడు. నాలుగు పక్కలా బిగించిన అద్దం, లోపల నీలం లైట్లు, ప్లాస్టిక్ ఆకులు, థర్మాకోల్ కొండ. కొండ మీద చిన్న గుడి కూడా. సరిగ్గా పైన ఏసీ.

అందులో పెడితే మళ్ళీ పొట్ట ఈడ్చుకుంటుంది. ఈసారి లేవదు.

"ఎట్టా ఉంది మేడం?"

"బాగుందండీ," అన్నాను.

రేపు ఫోను చేసి చెబుతాను.

జనవరి 5

పని పడింది. రేపు.

జనవరి 6

ఆయన లైన్ బిజీగా ఉండి ఉంటుంది.

జనవరి 17

రెండు రోజుల నుంచి తినడం లేదు. మిడత ముందున్నా చూడదు. దాన్ని ఉంచిన అట్టపెట్టె మూల గీకుతోంది. ఆగకుండా గీకుతోంది. పొట్ట గట్టిగా ఉబ్బింది. నేనే ఏదో చేశాను. సిరప్ ఎక్కువైందా? మిడతల్లో మందు ఉందా? మునేరు గడ్డికి ఎవరైనా మందు కొట్టారా? సీసాల్లో వాటి మీద పాఠం చెప్పుకునేదాన్ని, సీసాల దగ్గరే ఉండాల్సింది.

జనవరి 18

జాయిస్ వీడియోలో చూసి, "మేడం, ఇది ఆడదా మగదా?" అంది.

ఆ సంగతి నేను చూడలేదు. రెండు నెలలు. జువాలజీ ఎమ్మెస్సీ. పున్నమ్మ గారు గడ్డపాయన అన్నది, నేను గడ్డపాయన అనుకున్నాను.

"గుడ్లు పెట్టడానికి చోటు వెతుకుతోంది. మగది లేకపోయినా పెడతాయి, అవి పిల్లలు కావంతే. కానీ ఎముకలు ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్నాయి కదా, లోపలే ఆగిపోతే ప్రాణానికి ప్రమాదం. లోతైన తొట్టిలో తడి ఇసక పోయండి. మీరు దగ్గర నిలబడకండి. ఎల్లుండికి కాకపోతే నా దగ్గరికి తీసుకొచ్చేయండి."

భార్గవ స్కూటర్ మీద మునేరుకి వెళ్ళి బస్తాలో ఇసక తెచ్చాడు. బట్టలు నానబెట్టే పెద్ద తొట్టి ఇచ్చేశాను.

జనవరి 19

దగ్గర నిలబడకండి అంది జాయిస్. తలుపు సందులోంచి చూస్తే నిలబడినట్టా? మధ్యాహ్నం దాకా తవ్వింది. తోక ఒక్కటే కనబడేలా లోపలికి దిగిపోయింది. భార్గవ ఆఫీసు నుంచి గంటకోసారి "ఏమైంది?" అని మెసేజ్ పెడుతున్నాడు, ఆస్పత్రి వరండాలో నిలబడ్డ మొగుడిలాగ.

సాయంత్రం ఇసక కప్పేసి పైకొచ్చింది. పొట్ట సంచీలా వేలాడుతోంది. ఒళ్ళంతా ఇసక. నన్ను చూసి చెయ్యి ఊపలేదు. నేరుగా నీళ్ళ పళ్ళెం దగ్గరికి వెళ్ళి తాగింది.

గుడ్లు తవ్వి తీశాను. తెల్లగా, చింతగింజ కంటే కాస్త పెద్దగా. ఎన్నో లెక్కపెట్టలేదు. నా చదువుకిది సిగ్గుచేటు, కానీ కళ్ళు సరిగ్గా కనబడలేదు.

జనవరి 20

పున్నమ్మ గారికి ఫోను చేశాను.

"గడ్డపాయన గుడ్లు పెట్టడమేందమ్మాయ్!" అంది. తర్వాత అరనిమిషం నవ్వింది. తర్వాత, "మాతల్లే, ఏడాది నా పక్కన కూర్చుంది, ఒక్క మాట చెప్పలేదే," అంది.

"చూశావా, ఎంత బలం పుంజుకుంది! అంతా పెరుగన్నమే. ఏ డాక్టరు మందిచ్చినా లోపలికి వెళ్ళిన తిండే గదా. గృహప్రవేశం అయినాక మూడు పూటలా నేనే పెడతా. నీకింక శ్రమ లేదు."

ఫోను పెట్టేశాక ఆవిడ పెరుగన్నం డబ్బా కడిగి పెట్టాను.

గాజు పెట్టె గురించి ఆయనకి చెబితే లైట్లు మార్పించవచ్చు. ఏసీ తీయించవచ్చు. కానీ ఈవిడకి పెరుగన్నమే బతికించిందని నమ్మకం కలిగించింది నేను. వారం వారం, డబ్బా డబ్బాకీ. ఇప్పుడు అది వెనక్కి వెళితే, ప్రేమగా, మెత్తగా పిసికి, మళ్ళీ కాళ్ళు వంగేదాకా పెడుతుంది.

జనవరి 25

డబ్బా వచ్చింది. తిన్నాం. రుచించలేదు. 

ఫిబ్రవరి 8, ఆదివారం

భవానీప్రసాద్ శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. ఇరవయ్యో తారీకు, శుక్రవారం. తొండ సోఫా వీపు మీద కూర్చుని ఉంది. ఆయన వంగి, "ఏం డ్రాగన్ గారూ, ఇంటికి పోదామా?" అని వేలు పెట్టబోయాడు.

గడ్డం ఉబ్బింది. బొగ్గులా నల్లబడింది. నోరు తెరిచింది.

ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు. "వామ్మో! ఇట్టా చేసిద్దని షాపువాడు చెప్పాడుగానీ మా ఇంట్లో ఒక్కసారి కూడా చేయలేదండీ."

చెయ్యదు. ఒంట్లో శక్తి ఉండాలి కదా.

చాలా సంతోషపడ్డాడు. అతిథులందరి ముందూ అట్టా చేయిస్తే అదిరిపోద్దన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. కాఫీ ఇచ్చాను.

ఫిబ్రవరి 19

చెప్పవలసినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఎండ, వేడి, గాలి, తవ్వుకోవడానికి ఇసక, పురుగులు, కార్తీకమాసంలో కూడా పురుగులు. గౌరవంగా, ఎవరూ నొచ్చుకోకుండా. చదివి చూసుకుంటే పాఠంలా ఉంది.

ఒక సందేహం. ఇవన్నీ ఆయన ఒప్పుకుంటే? మేడం చెప్పినట్టే చేస్తానంటే? అప్పుడు ఇచ్చేస్తానా? దాని మంచి కోసమే అని ఇన్ని రోజులు రాస్తున్నాను. నాకు జూన్ నుంచి పొద్దున్నే లేవడానికి ఒక కారణం అంటూ లేదు. ఇప్పుడు ఉంది. అది దాని మంచి కిందికి వస్తుందా?

భార్గవని అడిగాను. "బుట్టలో తువ్వాలు పరిచావా? రేపు దారిలో చలిగాలి," అన్నాడు. అది జవాబు కాదు. జవాబేనేమో.

పున్నమ్మ గారికి చూపించడానికే తీసుకెళుతున్నాం. అంతే.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రాసేస్తాను, లేకపోతే రేపటికి దీన్ని కూడా మార్చి రాసుకుంటాను.

హాలు నిండా జనం. గోడలో ఆ పెట్టె నీలంగా వెలుగుతోంది. భవానీప్రసాద్ పట్టుపంచెలో ఎదురొచ్చి, నా చేతిలో బుట్ట చూసి ఫోటోగ్రాఫర్ని కేకేశాడు.

"పెట్టండి మేడం. మీరు లోపల పెడతా ఉంటే ఒక ఫోటో."

బుట్ట పట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాను. కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. అందులో మొదటి వాక్యం "మీరు అన్యథా భావించనంటే" అని మొదలవుతుంది.

"ఇవ్వనండి," అన్నాను.

"ఏంటి మేడం?"

"ఇవ్వను. ఈ పెట్టెలో పెడితే చచ్చిపోతుంది. పెట్టె మార్చి, లైట్లు మార్చి, అంతా నేను చెప్పినట్టే చేసినా ఇవ్వను. నాకు ఇవ్వాలని లేదు."

ఫోటోగ్రాఫర్ అప్పుడే నొక్కాడు. ఆ ఫోటోలో నేనెలా ఉన్నానో.

"అదేంటి మేడం, ఫిబ్రవరికి ఇస్తామన్నారుగా?"

"మీరన్నారు. నేను సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది."

ఆయన నా వంక చూశాడు, బుట్ట వంక చూశాడు, పెట్టె వంక చూశాడు. కోపం రాలేదు, దిగులు వచ్చింది. "మరి ఈ పెట్టెలో ఏం పెట్టాలండీ నేను?"

పున్నమ్మ గారు వెండి గిన్నెతో వచ్చింది. పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు. అంతా విన్నట్టుంది.

"పోనీలేరా. మనసు పడింది, ఉంచుకోనీ. ఆవిడ దగ్గర బతికింది గదా." నా వైపు తిరిగింది. "నాకేం బాధ లేదమ్మాయ్. పెరుగన్నం మాత్రం మానొద్దు. వారం వారం పంపుతా."

అయిపోయింది. నెగ్గాను. నోరు మూసుకుంటే చాలు.

అప్పుడు సోఫాలో కూర్చున్న కోదాడ చుట్టమొకాయన లేచాడు. "అక్కా, మా పెద్దోడు గూడ గిట్లాంటిదే తెచ్చిండు. దానికి గూడ కాళ్ళు వంకరైనయ్. పెరుగన్నం పెడితే అయితదా?"

"ఎందుకు అవదు? మాదానికి అయిందిగా. మూడు పూటలా పెట్టమను."

"పెట్టకండి," అన్నాను.

పున్నమ్మ గారు నవ్వింది. "అదేందమ్మాయ్, మనది తిని లేచి తిరగలా?"

"మనది తినలేదు పిన్నిగారూ. నేను తిన్నాను."

"ఏం తిన్నావు?"

"మీరు పంపిన పెరుగన్నం."

"ఎప్పుడు?"

"అన్నిసార్లూ. కొన్నిసార్లు మా ఆయన."

భార్గవ తలెత్తి ఫ్యాన్ కేసి చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. పున్నమ్మ గారు నవ్వలేదు. ఆవిడ ఒక్కతే అసలు సంగతి పట్టుకుంది.

"చలికన్నావు."

"చలికి కాదండీ. ఏడాదిగా పురుగులు లేవు, ఎండ లేదు."

"నేను మాన్పించబట్టే."

"మీకెవరూ చెప్పలేదు పిన్నిగారూ."

"నువ్వు చెప్పొచ్చుగా," అంది. "నేను అడిగానుగా."

గిన్నె టీపాయ్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. భోజనాల దగ్గరికి రాలేదు. పరమాన్నం వడ్డించారు, తినలేకపోయాను. కోదాడాయనకి జాయిస్ నంబరు ఇచ్చి, పురుగులు, ఎండ, సిరప్ అని రెండుసార్లు చెప్పి బయల్దేరాం.

చిల్లకల్లు టోల్ గేటు దగ్గర భార్గవ కారద్దం దించి, "వల్లీ, టోల్ కూడా ఇవ్వనంటావా? ఊపు మీదున్నావుగా," అన్నాడు.

నవ్వొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు ఒక్కటే సరిపోదు. బుట్ట మూత తీసి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. నందిగామ దాకా అది లారీలని చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 21

ఫోను రాలేదు. నేనూ చేయలేదు. చేసి ఏమనాలి?

మిడతలు అయిపోయాయి.

ఫిబ్రవరి 22, ఆదివారం

పది గంటలకి గేటు చప్పుడైంది. పున్నమ్మ గారు. ఆటోవాడితో చిల్లర గురించి గట్టిగా మాట్లాడుతోంది. చేతిలో స్టీలు క్యారేజీ.

లోపలికొచ్చి కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగింది. నేను నిలబడే ఉన్నాను.

"నిన్నంతా నీమీద కోపంగా ఉన్నా," అంది.

"తెలుసండీ."

"నా ముఖం చూసి చెప్పలేకపోయావు. అది తెలిసిందిలే. కానీ అమ్మాయ్, తెలిసుంటే డిసెంబర్ నుంచీ మిడతలే పట్టి పంపేదాన్నిగా. ఎంత పెరుగు తగలేశాం!"

"తగలేయలేదండీ, తిన్నాం," అన్నాడు భార్గవ గదిలోంచి.

"నీ సంగతి తర్వాత చెబుతా ఉండు నాయనా." ఆవిడ మూతి ముడుచుకుంది, నవ్వు ఆపుకోవడానికి. "ఆ పెట్టెలో అప్పడాలు ఆరబెట్టా. లైట్ల వేడికి బానే ఆరతన్నయ్. మావాడు ఇల్లంతా అరుస్తున్నాడు, వచ్చినోళ్ళందరూ డ్రాగన్ ఏదని అడుగుతుంటే అప్పడాలు చూపించాలా అని."

అది సోఫా దిగి, వంకర కాళ్ళతో గచ్చు మీద నడుచుకుంటూ ఆవిడ పాదాల దాకా వచ్చింది. దాని నడక ఆవిడకి తెలియదు. ఏడాదిలో ఒక్కసారి కూడా చూడలేదు. కాళ్ళు కదపకుండా, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"నడవడం వచ్చే నీకు," అంది మెల్లగా.

ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని మామూలు గొంతులో చెప్పింది. కోదాడ వాళ్ళ తొండని వచ్చే వారం తెస్తారట. అడక్కుండానే నా తరఫున సరేనని చెప్పేసిందట. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. నీకు చెప్పడం వచ్చిందిగా."

ఇష్టమేనన్నాను.

"క్యారేజీ వంటింట్లో పెట్టా. పై గిన్నెలో మీకు బూరెలు. కింద గిన్నెలో దానికి మిడతలు. వత్సవాయిలో మా చెల్లెలి జొన్నచేలో నిన్న సాయంత్రం నేనే కొంగు పట్టి పట్టా. మందు కొట్టని చేను, కనుక్కునే పట్టా. మూత చూసుకుని తియ్యండి, తారుమారు చేసేరు."

వంటింట్లోంచి భార్గవ కేక వినబడింది.

రోజంతా ముగ్గురం మిడతలే పట్టాం. కర్టెన్ల మీద, క్యాలెండర్ మీద, దేవుడి పటాల మీద. పున్నమ్మ గారు మంచం కింద దూరి మరీ పట్టింది. అది గది మధ్యలో కూర్చుని, ఎటు చూసినా భోజనమే కదా, ఎటు చూడాలో తెలియక తల తిప్పుతూనే ఉంది. ఆవిడ ఆఖరి బస్సుకి వెళ్ళింది.

ఇంకా కొన్ని మిగిలిపోయాయి. ఒకటి ఇప్పుడే ఈ పేజీ అంచు మీద వాలింది. పెన్ను పక్కన పెట్టి దాన్ని పట్టుకోవాలి.